ఎడమవైపు గాలిగొట్టం

కోటు నడుము దగ్గర కుట్లు విప్పుతూ దర్జీ పళ్లు నూరుతున్నాడు. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పెట్టినవాడు, బిగుతైందంటూ పొద్దున్నే తెచ్చి బల్ల మీద పడేసి పోయాడు.

దర్జీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈమధ్య అక్కణ్ణుంచి దిగడమే మానేసింది. కారణం బావ. అక్క మొగుడు, గడియారాలు బాగుచేసేవాడు, లోకంలో ఉన్న ఒక్కగానొక్క స్నేహితుడు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి. ఎప్పుడో ఎగరడం మానేసిన ఓ యుద్ధవిమానాన్ని జానెడు బొమ్మగా, పొల్లుపోకుండా చేయాలి. అదీ మొట్టమొదటి రకాన్నే. తర్వాతి రకాల ముక్కు తీరే వేరు, వాటి ఫొటోలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. మొదటిదాని ముక్కు స్పష్టంగా కనబడే ఫొటో ఒక్కటే, దర్జీ దగ్గరున్న పాత పుస్తకంలో దొరికింది. అందులో గాలి పీల్చే గొట్టం కుడివైపుంది. బావ కాదు ఎడమ అన్నాడు. కుర్రతనంలో తుక్కు సామాన్ల దొడ్లో ఆ గొట్టం మీదే కాలు పెట్టి విమానం ఎక్కాడట.

“నీ కాలు చెప్పింది నమ్మాలా, ఫొటో చెప్పింది నమ్మాలా?” అని దర్జీ ఒంటికాలి మీద లేచాడు. అంతటితో ఊరుకోక, గడియారంలో చక్రం కనబడని కళ్లకు విమానాలెందుకన్నాడు. ఎవరి బొమ్మ వాళ్లదేనని తెగతెంపులు చేసుకొచ్చాడు. తర్వాత బావ గుండెజబ్బుతో మంచం పట్టాడు. అక్క ఎన్నిసార్లు కబురు పెట్టినా, తప్పు ఒప్పుకుంటేనే గడప తొక్కుతానని భీష్మించుకు కూర్చున్నాడు. మనిషికన్నా గొట్టం ఎక్కువైపోయింది వెధవకి.

భోజనానికి లేచేముందు అలవాటుగా ఆ పుస్తకం తెరిచాడు. విమానం పక్కన ఓ మెకానిక్ నిలబడి నవ్వుతున్నాడు. ఇన్నాళ్లూ వాణ్ణి పట్టించుకున్నదే లేదు. ఒళ్లో కోటుండబట్టేమో, ఇవాళ చూపు వాడి చొక్కా మీద పడింది. గుండీలు ఆడవాళ్ల చొక్కాకుండే వైపున్నాయి. జేబు కుడి రొమ్ము మీదుంది. ఏ దర్జీ కుడతాడలా?

ఎవడూ కుట్టలేదు. ఫొటోనే తిరగేసి అచ్చేశారు. అద్దంలో చూసినట్టు ఎడమది కుడైంది. బావ చెప్పిందే నిజం.

దర్జీకి ఒళ్లు మండిపోయింది. అచ్చేసినవాణ్ణి తిట్టాడు, పుస్తకం రాసినవాణ్ణి తిట్టాడు, బతుకంతా గుండీలు కుట్టి కూడా ఇది కనిపెట్టలేని తనను అందరికన్నా ఎక్కువ తిట్టుకున్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని, కొట్టు తెరిచిపెట్టే పరుగెత్తాడు.

తలుపు తీసిన అక్క మెల్లగా మాట్లాడమంది. బావ పొద్దుటినుంచీ మంచం మీదే బొమ్మతో కుస్తీ పట్టి ఇందాకే పడుకున్నాడట.

“ఎడమవైపు అంటించింది పీకేశార్రా. నువ్వన్న వైపే పెట్టారు. వాడి మాటే నెగ్గనీ, అప్పుడైనా వస్తాడు అన్నారు.”

దర్జీకి పట్టరాని కోపమొచ్చింది. గదిలోకి దూసుకెళ్లి, పుస్తకం తెరిచి మంచం మీద పెట్టాడు.

“కళ్లారా చూసినవాడివి, ఎందుకు మార్చావ్? నేనంటే మూర్ఖుణ్ణి, నీకేమొచ్చింది? లే బావా. లేచి నన్ను తిట్టు.”

గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కదల్లేదు. ఎవరి మాటా పూర్తి కానివ్వకుండా అడ్డుతగిలే మనిషి బావ. దర్జీ అతని భుజం పట్టి కుదిపాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

తలగడ పక్కన విమానం ఉంది. గొట్టం కుడివైపుంది. ఎడమవైపు మచ్చ కనబడకుండా వేసిన రంగు ఇంకా తడారలేదు.