పద్దెనిమిదో గడి

వారం రోజులుగా ఆ అక్కాతమ్ముళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. అక్క యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ చేస్తుంది. తమ్ముడు పగలు కారు నడపడం నేర్పుతాడు, సాయంత్రం పధ్నాలుగేళ్లలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. జట్టు కార్డులు, కాగితాలు, చొక్కాలు, నీళ్ల సీసాలు అన్నీ అక్క చూసుకుంటుంది. జీతం లేని ఆ కొలువుకి పిల్లలు పెట్టిన పేరు మేనేజరమ్మ.

ఆమె కూతురు జట్టులో రెండో గోల్‌కీపర్. రెండో గోల్‌కీపర్ అంటే తెలుసుగా, రెండేళ్లుగా బెంచీకి కాపలా కాస్తున్న పిల్ల. మొదటి కీపర్ మణికట్టు విరిగి ఇంట్లో కూర్చుంటే మేనేజరమ్మ పైకి అయ్యో అంది, లోపల మాత్రం దేవుడు ఇన్నాళ్లకి కళ్లు తెరిచాడనుకుంది. వచ్చే నెలతో పిల్లకి వయసు దాటిపోతుంది. ఈ టోర్నమెంటు పోతే ఈ జట్టులో మళ్లీ గోలు ముందు నిలబడే యోగం లేదు. వెంటనే కొత్త గ్లవుజులు కొనేసింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వేరే క్లబ్బు నుంచి ఒక గోల్‌కీపర్‌ని గెస్ట్ ప్లేయర్‌గా, అంటే ఈ టోర్నమెంటు వరకే అరువుకి, తెచ్చాడు. ఆ అమ్మాయిని అందరూ గోడ అంటారు, బంతి దాటదని. లిస్టులో గళ్లు పద్దెనిమిదే. గోడ పేరు రాయాలంటే సొంత పిల్లల్లో ఒకరి పేరు కొట్టేయాలి. తమ్ముడు మేనకోడలి పేరే కొట్టేశాడు.

ఆ మాట చెప్పడానికి షాపుకి వచ్చాడు. మేనేజరమ్మ చొక్కాలకి ఇస్త్రీపెట్టెతో నంబర్లు అతికిస్తోంది.

"రెండు రోజుల ఆటకి ఇద్దరు కీపర్లెందుకక్కా? నాకు పరిగెత్తే కాళ్లు కావాలి."

"నా కూతురికి కాళ్లు లేవా?"

"ఉన్నాయి. బంతి వస్తే పక్కకి తప్పుకుంటాయి."

"నోరు మూసుకో! అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లోనా? నీకెప్పుడూ పొరుగింటి పుల్లకూరే రుచి!"

"గెలవాలా వద్దా?"

"ఎవరి పిల్లలు గెలవాలి?"

తమ్ముడు వెళ్లిపోయాడు. ఇస్త్రీపెట్టె కింద ఏడో నంబరు చొక్కా కమిలిపోయింది. మళ్లీ కొత్తది కుట్టాల్సి వచ్చింది, అదొక మంట.

గురువారం షాపుకి ఒక కవరు వచ్చింది. గోడ వాళ్ల సొంత కోచ్ సంతకం చేసిన అనుమతి లెటరు. ఆట రోజు కార్డులు తనిఖీ చేసే టేబుల్ దగ్గర ఆ ఒరిజినల్ చూపించకపోతే గెస్ట్ ప్లేయర్ ఆడడానికి లేదు. మేనేజరమ్మ దాన్ని చదివి, చింపబోయి, చేతులు రాక మానేసింది. ఫైల్లోనూ పెట్టలేదు. ఫస్ట్ ఎయిడ్ సంచీలో, కట్టు గుడ్డల అడుగున దూర్చింది. ఆమె లెక్క సులువు. లెటరు లేకపోతే గోడ పేరు పోతుంది, పద్దెనిమిదో గడి ఖాళీ అవుతుంది, అందులో కూతురి పేరు రాయించవచ్చు. పోయినేడు వేరే టోర్నమెంటులో మొదటి విజిల్ ఊదేదాకా సొంత క్లబ్బు పిల్లల్ని లిస్టులో చేర్చుకోనిచ్చారు. ఈ ఏడాది నిబంధనల కాగితాలు ఫైల్లోనే ఉన్నాయి. మొదటి పేజీ దాటి చూస్తే ఒట్టు!

శనివారం పొద్దున కూతురితో మెల్లగా అంది. "జాకెట్ కింద ఆట డ్రెస్సు వేసుకో. ఎందుకని అడక్కు."

"ఆల్రెడీ వేసుకున్నా," అంది కూతురు.

చూశావా, తల్లి మనసు పిల్లకి తెలిసిపోయింది అని మేనేజరమ్మ పొంగిపోయింది.

టేబుల్ ఒక స్కూలు వరండాలో వేశారు. కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒక్కొక్క కార్డూ చూసి లిస్టులో టిక్కు పెడుతున్నాడు. తమ్ముడు మైదానంలో పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాడు.

"మేనేజరు మీరేనా? ఆట అయ్యేదాకా బెంచీ వదలకూడదు. మేనేజరు లేని జట్టు ఓడినట్టు లెక్క."

"తెలుసండీ."

"గెస్ట్ ప్లేయర్ లెటరేది?"

"రాలేదండీ." అబద్ధం ఎంత నున్నగా జారిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

కళ్లజోడాయన ఎర్ర పెన్నుతో గోడ పేరు కొట్టేశాడు. "ఈ గడిలో మీ పిల్లల్నెవరినైనా రాస్తారా? కావాలంటే కోచ్‌ని అడిగి రండి, ఐదు నిమిషాలు ఆగుతాను."

మేనేజరమ్మ తల తిప్పింది. వరండా చివర తమ్ముడు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. వచ్చాడంటే అవతలి కోచ్‌ని పిలిపిస్తాడు, ఇక్కడే ఇంకో కాగితం రాయించి సంతకం పెట్టిస్తాడు. గోడ మళ్లీ లేచి కూర్చుంటుంది. ఆ దారి మూసేయాలి, కార్డు తీసి పేరు రాయించేలోపు వాడు వచ్చేస్తాడు, విజిల్ దాకా టైముంది కదా, కూతురి సంగతి తర్వాతైనా చూసుకోవచ్చు అనుకుంది.

"ముందు స్టాంపు వేసేయండి సార్. వెనక లైనుంది."

ఆయన కళ్లజోడు మీదుగా ఓసారి చూసి స్టాంపు గుద్దాడు.

తమ్ముడు రొప్పుతూ వచ్చి పడ్డాడు. "లెటరు పోస్టు చేశానంటున్నాడు వాళ్ల కోచ్! నీకు రాలేదా?"

"వస్తే ఇవ్వనా?" అని గొంతులో పంచదార కలుపుకుంది మేనేజరమ్మ. "పోన్లేరా, ఏం చేస్తాం. మన పిల్ల ఉందిగా. సార్, ఇదిగోండి కార్డు, ఖాళీ గడిలో రాసుకోండి."

"స్టాంపు పడ్డాక పేరు ఎక్కదమ్మా."

"అదేంటి! పోయినేడు విజిల్ దాకా రాసుకున్నారే!"

"ఆ టోర్నమెంటు వాళ్ల రూలది. మాది నాలుగో పేజీలో ఉంది. అయినా నేను అడిగాను కదా, ఎవరినైనా రాస్తారా అని."

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "అడిగాడా?"

మేనేజరమ్మ కూతురి కార్డు వెనక్కి తీసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఇక్కడ పట్టుకోవడానికి ఆకు కూడా లేదు.

ఆట మొదలైంది. లిస్టులో పేరున్నవాళ్లే మైదానం చుట్టూ కట్టిన తాడు లోపల ఉండాలి. అందుకని ఇద్దరు కీపర్లు, గోడా కూతురూ, తాడు బయట పక్కపక్కన నిలబడ్డారు. జట్టులోకెల్లా పొట్టి పిల్ల, అందరూ బుడ్డది అని పిలిచే డిఫెండర్, గోలు ముందు నిలబడింది. గోడ కోసం కుట్టిన చొక్కా దానికి మోకాళ్ల దాకా వచ్చింది. పాపం, అది ఎగిరినా దాని చేతులు పై కర్రకి మూరెడు కిందే ఆగిపోతున్నాయి. సగం ఆటకే నాలుగు గోల్సు పడ్డాయి. నాలుగోది ఆపబోయి వేలు బెణికించుకుంది.

"టేపు!" అని అరిచాడు తమ్ముడు.

ఫస్ట్ ఎయిడ్ సంచీ తాడు పక్కనే ఉంది. కూతురు దగ్గరగా ఉంది కాబట్టి అదే జిప్పు తీసింది. మేనేజరమ్మ బెంచీ మీంచి లేచేలోపే కట్టు గుడ్డలన్నీ బయటికొచ్చాయి, వాటి వెనక కవరూ వచ్చింది.

పిల్ల కవరు మీద క్లబ్బు పేరు చదివింది. టేపు తాడు మీదుగా మామయ్యకి అందించింది. తన కొత్త గ్లవుజులు విప్పి బుడ్డదానికి ఇచ్చింది. ఆ తర్వాత కవరు గోడ చేతిలో పెట్టింది.

మేనేజరమ్మ తాడు దగ్గరికి వచ్చింది. "నీకోసమేనే! నువ్వు ఆడాలనే కదా!"

"నన్నడిగావా?" అంది పిల్ల. "మామయ్య నా పేరు కొట్టేసే ముందు నా పక్కన కూర్చుని చెప్పాడు. నేను ఏడుస్తుంటే లేచి పోలేదు. ఆ అమ్మాయికి టేబుల్ దగ్గర ఏదైనా తేడా వస్తే నీ పేరే రాయిస్తా, రెడీగా రా అన్నాడు. అందుకే వేసుకొచ్చాను ఈ డ్రెస్సు. నువ్వు చెప్పావని కాదు."

గోడ లెటరు మొత్తం చదివి, మడిచి, జేబులో పెట్టుకుంది. మేనేజరమ్మ మొహం వైపు ఒక్కసారి చూసి పక్కకి తిరిగింది.

తమ్ముడు అంతా విన్నాడు. అరుస్తాడనుకుంది మేనేజరమ్మ. అరిచినా బాగుండేది, తిరిగి అరవడానికి ఆమెకి ఏదో ఒకటి దొరికేది.

"ఫైలు ఇలా పెట్టు," అన్నాడు.

పెట్టింది. సంచీ భుజాన వేసుకుని తాడు ఎత్తబోయింది.

"ఎక్కడికి?"

"ఇంటికి. ఇంకా ఇక్కడ నాకేం పని?"

"నీ పేరు మీద కూడా స్టాంపు పడింది. నువ్వు కదిలితే వీళ్లు ఆడకుండానే ఓడిపోతారు. కూర్చో."

రెండో సగానికి విజిల్ ఊదారు. మేనేజరమ్మ వెనక్కి వచ్చి బెంచీ చివర కూర్చుంది. పిల్లలు నీళ్ల సీసాలు వాళ్లే తీసుకున్నారు, ఎవరూ ఆమెని అడగలేదు. ఆట ముగిసేదాకా ఆమె తాడు లోపలే ఉంది, కూతురు బయటే నిలబడింది.