మూడు డోసులు

పెర్సిస్ కుడి మడమలో నొప్పి 2007 వర్షాకాలంలో మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ప్రాణం పోయేది. పది అడుగులు నడిచాక తగ్గేది. సాయంత్రానికి మళ్లీ వచ్చేది.

ఆమె గుండుగొలను దగ్గర సబ్‌సెంటర్‌లో కాంట్రాక్టు ఏఎన్ఎం, ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సు. కొల్లేటి వైపు నాలుగు ఊళ్లు ఆమెవి. మూడింటికి చెరువు గట్ల మీద నడిచి వెళ్లాలి. నాలుగోదానికి పడవ ఎక్కాలి. కాంట్రాక్టు ఏటా మార్చి నెలాఖరున రెన్యువల్ చేస్తారు. ఊళ్లు తిరగలేనివాళ్లకు చెయ్యరు.

నవంబరులో ఏలూరు వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించుకుంది. ఆయన మడమ నొక్కి చూశాడు.

"మెత్తటి చెప్పులు వెయ్యండి. పాదానికి ఎక్సర్‌సైజులు చెప్తాను. ఓ రెండు నెలలు నడక తగ్గించండి."

"నడక తగ్గిస్తే ఉద్యోగం పోద్దండి. ఇంజక్షన్ ఇచ్చేయండి."

"అది స్టెరాయిడ్ అమ్మా. నొప్పి తొందరగా తగ్గుతుంది. కానీ మడమ నుంచి వేళ్ల దాకా పాదం వంపును పట్టి ఉంచే పట్టీని బలహీనం చేస్తుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. ఎంత అవసరమైనా ఏడాదికి మూడు మించకూడదు."

ఇంజక్షన్ ఇచ్చి, మందు పేరు చీటీ మీద రాశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్న భర్త తోమా నవ్వాడు.

"ఊరందరినీ పొడుస్తావు కదా, ఇప్పుడు తెలిసిందా?"

ఐదో రోజుకు నొప్పి పోయింది. నెలాఖరు వరకు ఆమె ఒక్క ఊరు కూడా మానలేదు. క్రిస్మస్ ఆరాధనలో రెండు గంటలు నిలబడి పాడింది.

పిల్లల టీకాల గురించి పద్దెనిమిదేళ్లుగా పెర్సిస్ తల్లులకు చెప్పే మాట ఒకటే: మూడు డోసులు, నెలకొకటి, మధ్యలో ఆపకూడదు. డాక్టరు చెప్పినదాంట్లో ఆమె మనసులో నిలిచింది మూడు. డిసెంబరు చివరి వారం చీటీ పట్టుకుని ఊళ్లో వైద్యం చేసే పాపారావు దగ్గరికి వెళ్లింది.

"నొప్పి ఎలా ఉందండీ?"

"లేదు."

"లేనప్పుడు మళ్లీ ఎందుకండీ?"

"పిల్లకి జ్వరం రాలేదని రెండో డోసు మానేస్తామా పాపారావుగారూ? కోర్సు పూర్తి చెయ్యాలి."

"మీకు చెప్పేంతవాణ్ని కాదు లెండి," అని పాపారావు సిరంజిలో మందు ఎక్కించాడు.

జనవరి చివర మూడోది కూడా అయింది.

ఫిబ్రవరి తొమ్మిదిన ఆమె పడవ దిగి గట్టు మీద కాలు పెట్టింది. కింద ఏదో విరిగినట్టు చప్పుడైంది. పడవ నడిపే బాలస్వామి వెనక్కి తిరిగాడు.

"గెడ విరిగిందా ఏంటమ్మా?"

పడవ తోసే గెడ అతని చేతిలోనే ఉంది. పెర్సిస్ గట్టు మీద కూలబడింది. మర్నాటికి అరికాలు కమిలి నల్లబడింది. పాదం మధ్య వంపు దిగిపోయింది.

ఏలూరు డాక్టరు స్కాన్ చూసి, "పట్టీ తెగింది," అన్నాడు. "నేనిచ్చింది ఒకటే కదమ్మా?"

"మిగతా రెండూ ఊళ్లో చేయించుకున్నానండి. మూడని మీరే అన్నారు కదండీ."

"మించకూడదన్నాను. మొదటిదానికే తగ్గిపోతే ఆగాలి కదా?"

పెర్సిస్ తన పాదం వైపు చూసుకుంది.

"గట్ల మీద మళ్లీ నడుస్తానాండీ?"

"ఇంట్లో నడుస్తారు. రోజుకి పది కిలోమీటర్లంటే మాట ఇవ్వలేను."

"మార్చిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారండి."

"ఉన్నది ఉన్నట్టే రాయాలి కదమ్మా."

అలాగే రాశాడు.

ఏప్రిల్ రెండున పెర్సిస్ స్థానంలో గంగాభవాని అనే అమ్మాయి డ్యూటీలో చేరింది. పెర్సిస్ ఆమెకు రిజిస్టర్లు, టీకాల పెట్టె అప్పగించింది. ఏ ఊరి తర్వాత ఏ ఊరో కాగితం మీద గీసి ఇచ్చింది.

"మొత్తం తిరగడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"నాకు ఐదు గంటలు పట్టేది. ముందు గట్ల మీది ఊళ్లు చూసుకో, పడవ ఊరు చివర. ఎండెక్కితే గట్టు మీద నడవలేవు."

గంగాభవాని పెట్టె భుజానికి తగిలించుకుని బయల్దేరింది. పెర్సిస్ గుమ్మం దాకా వచ్చి ఆగింది. కింద రెండు మెట్లున్నాయి.