తల పరీక్ష

మా ఆయన్ని జనం సుత్తి అని పిలుస్తారు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడని మనిషికి ఆ పేరేమిటని పరిచయమైన కొత్తలో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒకసారి మ్యాచ్‌కి వెళ్ళాను. కార్నర్ నుంచి బంతి గాల్లోకి లేచింది. ఇద్దరు డిఫెండర్లు భుజాల మీద ఎక్కినంత పనిచేస్తున్నా లెక్కచేయకుండా పైకెగిరి నుదుటితో ఒక్కటిచ్చాడు. గోల్‌కీపర్ చేతులెత్తేలోపే బంతి వలలో పడింది. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను.

కాళ్ళతో ఆడే ఆటలో మా ఆయన తలతో బతికాడు. స్ట్రైకర్ మోకాలు కాస్త వాస్తే చాలు, పేపర్లో వార్త వస్తుంది, ఫోన్లు మోగుతాయి, ఐసు గడ్డలు పట్టుకుని మనుషులు పరిగెత్తుకొస్తారు. తల సంగతి ఎవరూ అడగరు. అది మెడ మీద ఉన్నంతకాలం బాగానే ఉన్నట్టు లెక్క.

ఇక్కడి క్లబ్‌లో పేరొచ్చాక విదేశంలో ఒక క్లబ్ వాళ్ళు కొనుక్కున్నారు. కొనుక్కున్నారనే అంటారు, బండినో గేదెనో అన్నట్టు. ఆ బేరం కుదిర్చింది మా చిన్నమామయ్య, అంటే మా ఆయనకు బాబాయి. ఆటగాళ్ళకు ఏజెంటు. ఆయన మాటలు కోటలు దాటుతాయి. కాదనకూడదు, ఆ మాటలే మమ్మల్ని సముద్రం కూడా దాటించాయి. నేను మందుల షాపులో ఉద్యోగం మానేసి వెంట వెళ్ళాను. క్లబ్ వాళ్ళిచ్చిన ఇంట్లో వంటగది ఎంత ఇరుకంటే, ఫ్రిజ్ తలుపు తీయాలంటే వండుతున్న మనిషి బయటికి రావాలి.

మొదటి సీజన్ ఇంకా మొదలు కాలేదు. ఒకరోజు మా ఆయన ఆ వంటగది గుమ్మంలో నిలబడి, పరీక్ష ఎగ్గొట్టిన పిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఇవాళ మాకు తల పరీక్ష పెట్టారు. కావాలనే తప్పులు చేసొచ్చాను."

"తల పరీక్షేమిటి? పేలున్నాయేమోనని చూశారా?"

"కాదే. కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. కొన్ని మాటలు వినిపించి, కాసేపాగి మళ్ళీ చెప్పమంటారు. తెర మీద రంగు మారగానే మీట నొక్కాలి. అంతే."

"అంత సులువైనదానికి తప్పులెందుకు చేశావు?"

అప్పుడు విడమర్చి చెప్పాడు. సీజన్ మొదట్లో వచ్చిన మార్కులు దాచిపెడతారట. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెడతారట. మార్కులు మొదటిసారికంటే తగ్గితే మెదడు అదిరిందని లెక్క. అవి మళ్ళీ పెరిగేదాకా ఇంట్లో కూర్చోవాలి. అందుకని అక్కడి ఆటగాళ్ళంతా మొదటిసారే కావాలని తక్కువ తెచ్చుకుంటారట. అలా చేస్తే దెబ్బ తగిలాక ఎంత తడబడినా తేడా కనపడదు. ఈ విద్య మా ఆయనకు నేర్పింది వాళ్ళ కెప్టెన్, ముక్కు రెండుసార్లు విరిగిన పెద్దమనిషి.

నాకు ఒళ్ళు మండింది. "ముందునుంచే కుంటుతూ నడిస్తే కాలు విరిగినప్పుడు ఎవరికీ తెలియదు. అంతేగా మీ తెలివి?" అన్నాను.

"అందరూ ఇంతేనే. నేనొక్కణ్ణే సత్యహరిశ్చంద్రుణ్ణయితే నేనొక్కణ్ణే బెంచీ మీద కూర్చుంటాను. స్ట్రైకర్ కొన్నాళ్ళు కూర్చున్నాడా, తిరిగొచ్చేసరికి వాడి జాగాలో ఇంకొకడుంటాడు" అన్నాడు. మాట్లాడని మనిషి అంత మాట్లాడాడంటే ఎంత భయపడుతున్నాడో నాకు తెలిసింది.

ప్రతి ఏడాదీ అదే తంతు. మరీ తప్పితే అనుమానమొస్తుంది, తప్పకపోతే లాభం లేదు, కూరలో ఉప్పు వేసినట్టు చూసి తప్పాలి అనేవాడు. రానురానూ ఆరితేరాడు. ప్రతిసారీ మొదటేడాది మార్కుల దగ్గరే సరిగ్గా వచ్చి ఆగేవాడు. గోల్ కొట్టినప్పటికంటే ఎక్కువ మురిసిపోయేవాడు దానికి.

పాప పుట్టిన మరుసటేడు ఒక మ్యాచ్‌లో బంతి కోసం మా ఆయనా, అవతలి గోల్‌కీపరూ ఒకేసారి ఎగిరారు. రెండు తలలు ఢీకొన్న చప్పుడు జనం మధ్య కూర్చున్న నాకు వినపడింది. కాసేపటికి లేచి నిలబడ్డాడు. లేచినవాడు మా గోల్ వైపు నడుస్తున్నాడు, అవతలి గోల్ వైపు కాదు. ఎవరో భుజాలు పట్టుకుని ఇటు తిప్పారు. డ్రెస్సింగ్ రూమ్‌లో పరీక్ష పెట్టారు. పాసయ్యాడు! ఎందుకవడు? మరుసటి వారమే మళ్ళీ ఆడి మళ్ళీ తలతోనే గోల్ కొట్టాడు. అక్కడి పేపరు ఉక్కు తల అని రాసింది.

"ఉక్కు తుప్పు పడుతుంది" అన్నాను.

ఆయన నవ్వి, నా ప్లేట్‌లోని గుడ్డు కూడా తినేశాడు.

ఆట అన్నాక ఎప్పటికీ ఒకేలా సాగదు. గోల్స్ తగ్గాయి, వేగం తగ్గింది, అక్కడి క్లబ్ వాళ్ళు మర్యాదగా చేతులు దులుపుకున్నారు. ఇక్కడి పాత క్లబ్ వాళ్ళు ఒక సీజన్‌కి పిలిచారు. మేం దిగిన రోజు స్టేడియం గేటు దగ్గర జనం సుత్తి సుత్తి అని అరుస్తుంటే పాప నా చెయ్యి పట్టుకుని, "నాన్నని తిడుతున్నారా?" అని అడిగింది.

ఆ సీజన్‌లోనే నాకు దిగులు పట్టుకుంది. మందుల షాపులో పనిచేసినదాన్ని, తలనొప్పి మాత్రలు మామూలు మనిషికి ఎంతకాలం వస్తాయో తెలుసు. మా ఇంట్లో అవి బఠాణీల్లా అయిపోయేవి. పట్టపగలు పరదాలన్నీ వేసుకుని పడుకునేవాడు. ఒకరోజు పాప చేతిలోంచి స్టీలు ప్లేటు జారిపడింది. ఆ చప్పుడుకి ఆయన అరిచిన అరుపుకి పిల్ల హడలిపోయి నా వెనక దాక్కుంది. తర్వాత పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా అంతకుముందు నేను చూడలేదు.

ఆ తలనొప్పీ, ఆ కోపమూ, పొద్దున చెప్పింది సాయంత్రానికి మర్చిపోవడమూ అన్నీ మా అత్తయ్యతో చెప్పాను. "వాళ్ళ నాన్నకూ మతిమరుపే, వాళ్ళ తాతకూ కోపమే. ఆ వంశమే అంత" అని కొట్టిపారేసింది. నేనూ కొన్నాళ్ళు అదే నిజమనుకుందామని చూశాను. ఒకరోజు ప్రాక్టీస్‌కి బయల్దేరినవాడు దారిలోంచి ఫోన్ చేశాడు.

"నాలుగు రోడ్ల దగ్గరున్నాను. గ్రౌండ్‌కి ఎడమకా, కుడికా?"

నిక్కర్లు తొడుక్కున్న వయసు నుంచీ వెళ్తున్న గ్రౌండ్ అది. "కుడికి" అన్నాను మామూలుగా. కాసేపాగి, చేరాడో లేదోనని నేనే మళ్ళీ ఫోన్ చేశాను.

ఇంతలో చిన్నమామయ్య స్వీటు డబ్బాతో దిగాడు. క్లబ్ వాళ్ళు ఇంకో రెండు సీజన్లకు కాంట్రాక్టు ఇస్తారట. డాక్టరు సరేననాలి, అంతే. ఇక్కడ ఇంతకుముందు లేని తల పరీక్ష ఈ ఏడాది కొత్తగా పెట్టారట. విదేశం క్లబ్ నుంచి పాత మార్కులు కూడా తెప్పించారట.

"ఇదేముంది, మనవాడికి కొట్టినపిండి!" అన్నాడు చిన్నమామయ్య.

ఆయన వెళ్ళాక మా ఆయన్ని కూర్చోబెట్టాను. "ఈసారి నిజంగా రాయి. ఇన్నేళ్ళూ కావాలని తక్కువ తెచ్చుకున్నావు కాబట్టి నిజంగా రాస్తే మార్కులు పెరగాలి. పెరిగితే నా భయం పోతుంది. సంతకం పెట్టు, ఇంకో పదేళ్ళు ఆడు, నేను అడ్డం రాను."

"ఎందుకు పెరిగాయని డాక్టరు అడగరా?"

"పెళ్ళాం మాట విని తెలివి పెరిగిందని చెప్పు."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "పెరక్కపోతే?"

"పెరుగుతాయి" అన్నాను. అనడమైతే అన్నాను. "నా మీద ఒట్టేసి చెప్పు, నాటకాలాడనని."

ఒట్టేశాడు. అంతటితో ఆగలేదు. ఆ వారమంతా పదో తరగతి పరీక్షలకు చదివే పిల్లాడిలా తయారయ్యాడు. పెందలాడే పడుకున్నాడు. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏవేవో మాటలు చెప్పించుకుని, కళ్ళు మూసుకుని మళ్ళీ అప్పజెప్పేవాడు. పాప, "తప్పు నాన్నా, గొడుగు మర్చిపోయావు" అంటే, "ఈసారి చూడు" అనేవాడు. ఆయన్ని చూస్తే జాలీ, ప్రేమా రెండూ కలిపి ముంచుకొచ్చాయి.

పరీక్షకు ఉదయమే వెళ్ళాం. ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో నేనూ చిన్నమామయ్యా కూర్చున్నాం. ఆయన ఒళ్ళో కాంట్రాక్టు ఫైలు, జేబులో కొత్త పెన్ను. గది తలుపుకున్న అద్దంలోంచి మా ఆయన వీపు కనిపిస్తోంది. పెనాల్టీ కొట్టే ముందు నిలబడినట్టు బిగుసుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి నుదురు రుద్దుకున్నాడు.

చివరికి డాక్టరమ్మ బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏం దిగులు పడకండి. పాత మార్కులూ ఇవాళ్టి మార్కులూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క మార్కు కూడా తేడా లేదు. ఆయన తల అక్కడికి వెళ్ళిననాడు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది" అంది.

చిన్నమామయ్య రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాడు. పెరగాల్సిన మార్కులు పెరగలేదు. డాక్టరమ్మ వెనకే మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"నాటకమాడావు కదూ? ఒట్టు తీసి గట్టున పెట్టావు కదూ? ఆడానని చెప్పు, ఏమీ అనను."

జీవితంలో మొదటిసారి మా ఆయన నాకు అబద్ధం చెప్తే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

"లేదే" అన్నాడు మెల్లగా. "నిజంగానే రాశాను. ఎంత చేతనైతే అంతా."

చిన్నమామయ్యకు విషయం అర్థమైంది. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. గబగబా మా ఇద్దరినీ కిటికీ పక్కకు లాక్కెళ్ళాడు. "అమ్మాయ్, నువ్వూరుకో. పాసయ్యాడంటే పాసయ్యాడు. ఒరేయ్, రెండే రెండు సీజన్లు. తలతో ఆడొద్దు, కాళ్ళతో ఆడు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు, చిన్నమామయ్యా" అన్నాను. గొంతు పెద్దదైంది. అవతల కూర్చున్న వాళ్ళు తిరిగి చూశారు. "కార్నర్ నుంచి బంతి వస్తుంటే ఈయన తల దించుకుంటాడా? ఈయన చేతులు కట్టేసినా ఎగురుతాడు. మీకూ తెలుసు."

చిన్నమామయ్య పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "నా చేతుల్లో పెరిగినవాడమ్మా" అన్నాడు. కిటికీ వైపు తిరిగిపోయాడు.

మా ఆయన మా ఇద్దరి వంకా చూశాడు. తర్వాత డాక్టరమ్మ గదిలోకి తనంతట తనే నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

"డాక్టరుగారూ, ఆ పాత మార్కులు దొంగవండీ" అన్నాడు. అన్నీ చెప్పాడు. కెప్టెన్ నేర్పిందీ, ఏటేటా అక్కడికే వచ్చి ఆగిందీ, అన్నీ. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మరి నిజంగా రాసుంటే అప్పుడు ఎన్ని వచ్చేవి?"

"తెలీదండీ. ఎప్పుడూ నిజంగా రాయలేదు."

"అంటే దెబ్బలు తగలకముందు మీరెలా ఉండేవారో చూద్దామంటే నా దగ్గర ఏమీ లేదు. ఎంత పోయిందో కూడా చెప్పలేను." కుర్చీ నా వైపు తిప్పుకుంది. "మీరు చెప్పండమ్మా. ఆయన జ్ఞాపకం మొదట్లో ఎలా ఉండేది?"

నాకు ఏడుపొచ్చింది. మింగుకుని మొదలుపెట్టాను.

మా పరిచయం సంగతి చెప్పాను. మందుల షాపులో కౌంటర్ దగ్గర నేను ఇంకెవరో అమ్మాయికి నా ఫోన్ నంబరు చెప్తున్నాను. చుట్టూ జనం, గోల. ఈయన పక్కన నిలబడి మోకాలికి పట్టీ కొనుక్కుంటున్నాడు. ఆ సాయంత్రం నాకు ఫోనొచ్చింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆయన చెప్పే కథ ఇదొక్కటే. కాగితం లేదు, పెన్ను లేదు, ఒక్కసారి చెవిన పడితే చాలింది అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. విన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాళ్ళు.

డాక్టరమ్మ నవ్వింది. మా ఆయన కూడా నవ్వుతూ వింటున్నాడు, శ్రద్ధగా, కొత్త కథ వింటున్నట్టు.

"పట్టీ కొన్న చీటీ వెనకాల రాసుకున్నాను" అన్నాడు డాక్టరమ్మతో.

డాక్టరమ్మ నా ముఖం వంక చూసింది. ఆయన నవ్వు మెల్లగా తగ్గింది. నా వైపు తిరిగాడు.

"రాసుకోలేదా?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "లేదు" అన్నాను. "ఊరికే విన్నావు. గుర్తుపెట్టుకున్నావు."