రేపటి మేస్త్రి అతుకు

కోత మిల్లులో రంపం తెగిన చప్పుడుకి మూడు వీధుల అవతల కోళ్లు ఆ వారం గుడ్లు పెట్టడం మానేశాయంటారు. కోళ్ల సంగతి దేవుడెరుగు, మిల్లు ఆసామి కట్టుడుపళ్లు టీ గ్లాసులో పడ్డమాట మాత్రం నిజం. రెండు చక్రాల మీద తిరిగే ఆ పట్టీ రంపం తోక తొక్కిన తాచులా లేచింది. పైకప్పు రేకు చీల్చింది, గోడ గడియారాన్ని రెండు చేసింది, దిగుతూ దిగుతూ దాని ముందు నిలబడ్డవాడి ఎడమ చెవిని కోసుకుపోయింది. చెవి రంపపు పొట్టులో పుట్టగొడుగులా పడి ఉంది.

ఆ చెవిగలవాడు మిల్లు రంపాలు చూసుకునే మేస్త్రికి స్వయానా బావమరిది. ఆ రంపానికి బీట పడిందనీ, కోసి అతకమనీ వానలు మొదలైనప్పటి నుంచీ చెబుతున్నాడు. మేస్త్రి ప్రతిసారీ రేపన్నాడు. అతన్ని మిల్లంతా రేపటి మేస్త్రి అనే పిలిచేది.

అలాగని బద్ధకస్తుడనడానికి వీల్లేదు. ఆకురాళ్లకు నూనె రాసేవాడు. ఇత్తడి తీగలు పొడవు వారీగా సర్దేవాడు, సర్దినవి మళ్లీ సర్దేవాడు. తన పాకలోని కొలిమిని రోజూ ఎంత తుడిచేవాడంటే, దానికి పౌడరు రాయడమొక్కటే తక్కువ. ఎటొచ్చీ ఆ కొలిమిలో నిప్పు మాత్రం వేసేవాడు కాదు.

బీట పడ్డ చోట రంపాన్ని తెగ్గోసి, కొసలు రెండూ ఏటవాలుగా అరగదీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి అతకాలి. మేస్త్రి మామ, అంటే బావమరిది తండ్రి, బతికున్నన్నాళ్లూ ఆయనే అతికాడు, మేస్త్రి తిత్తి ఊదాడు. పైగా ఆ మిల్లులో ఒక కట్టుబాటుంది. అతికినవాడే రంపం ముందు నిలబడి మొదటి దుంగ కోయాలి. పచ్చి అతుకు వేసి పక్కవాణ్ణి యముడి దగ్గరికి పంపకుండా పెద్దలు పెట్టిన షరతు అది.

చెవి పోయిన పూటే ఆసామి కబురు చేశాడు. రెండో రంపం ఎక్కించి పొద్దున్నే కోత మొదలుపెట్టాలని, బావమరిదే నిలబడాలని. రెండో రంపానికీ గోరంత బీట ఉంది. తల నిండా కట్టుతో బావమరిది ఆసుపత్రి నుంచి తిన్నగా మేస్త్రి పాకలోకి వచ్చాడు.

"అతుకుతావా బావా, లేకపోతే రెండో చెవి కూడా నీకే ముట్టజెప్పమంటావా?"

మేస్త్రి తల దించుకుని బొగ్గులు చెమ్మగా ఉన్నాయన్నాడు. ఎండబెట్టుకుని రేపు చూద్దామన్నాడు.

మాట నోట్లో ఉండగానే చెక్క రీపరు అతని భుజం మీద విరిగింది. విరిగిన ముక్కతో మోకాలి మీద ఇంకోటి పడింది. మేస్త్రి కింద పడుతూ బావమరిది ముంజేతిని పళ్లతో పట్టాడు, కండ ఊడేదాకా వదల్లేదు. ఇద్దరూ పొట్టులో దొర్లారు. పట్టుకారు లేచింది, పక్కటెముక కలుక్కుమంది. ముక్కులోంచి కారే రక్తానికి పొట్టు అంటుకుని, ఇద్దరూ పిండిలో ముంచి తీసినట్టున్నారు.

అన్నం క్యారియరుతో వచ్చిన మేస్త్రి భార్య గుమ్మంలో దుంగ మీద కూర్చుంది. చంపుకునేదేదో చొక్కాలు విప్పి చంపుకొమ్మనీ, నెత్తురు మరకలు తాను ఉతకలేననీ చెప్పింది.

బావమరిది మేస్త్రి మెడను కొలిమి పక్కనున్న ఇనుప దాగలికి అదిమిపెట్టాడు. "ఎందుకు చేయవో చెప్పు. లేకపోతే ఇక్కడే పిసికేస్తా."

"మీ నాన్న అతుకు ఒక్కటీ ఊడలేదురా," అన్నాడు మేస్త్రి, ఊపిరాడక. "నాది ఊడితే?"

"చేయకుండా కూర్చుంటే?"

"చేయని అతుకు ఊడదు కదా."

బావమరిదికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు పిగిలి కట్టంతా ఎర్రబడింది.

"మా నాన్నవి ఊడలేదని మీకెవరు చెప్పారు?" అంది భార్య. "ఆయన నడుం మీద గాటు చిరుతపులి గీరిందని చెప్పేవాడుగా. రంపం గీరింది. చిరుతపులిని ఆయన బొమ్మల్లో తప్ప చూడలేదు."

ఆ మాట విన్నా మేస్త్రి కొలిమి వంక చూడలేదు. భయం మాటలకు లొంగే రకం కాదు. బావమరిది రెండో రంపం లాక్కొచ్చి, బీట దగ్గర తెగ్గొట్టి, మేస్త్రి గుప్పిట్లో ఆకురాయి కుక్కాడు.

"అతకొద్దు బావా. ఒక్క కొస అరగదీయి, చాలు. తర్వాత రేపనుకుంటావో ఎల్లుండనుకుంటావో నీ ఇష్టం."

ఒక కొసకేముంది, మేస్త్రి అరగదీశాడు. తీశాక రెండో కొస సగం గీసిన గడ్డంలా చూడబుద్ధి కాలేదు. అదీ తీశాడు. తీసిన కొసలు గాలికి తుప్పు పడతాయి కదా అని వెలిగారం చల్లాడు. వెలిగారం దండగవుతుంది కదా అని నిప్పు వేశాడు. పొద్దు వాలేసరికి అతుకు పడింది.

మర్నాడు పొద్దున అందరినీ గోడ వెనక్కి పంపి, కట్టుబాటు ప్రకారం మేస్త్రి రంపం ముందు నిలబడ్డాడు. దుంగ సగం దాకా రంపం వెన్నలో దిగినట్టు దిగింది. అక్కడ ఫట్టున తెగింది. చొక్కాతో పాటు ఛాతీ చర్మాన్ని అడ్డంగా చీల్చి, అరచేతి కండ లేపుకుపోయి, వెనక తలుపులో దిగబడి ఊగుతూ నిలిచింది.

మేస్త్రి కళ్లు తెరిచాడు. ఇన్నాళ్లూ తలుచుకుని వణికింది నలుగురికీ తెలిసేలా జరిగిపోయింది. తాను మాత్రం కాళ్ల మీదే ఉన్నాడు. మామ పేరు కూడా ఏమీ కూలిపోలేదు.

ఆసామి గోడ వెనక నుంచి తొంగిచూసి, ఇవాళ్టికి పడుకో, రేపు చూద్దాం లెమ్మన్నాడు.

"రేపెందుకండీ, ఇత్తడి ఒక పక్కే కరిగింది, వేడి చాల్లేదు," అంటూ మేస్త్రి తలుపులోంచి రంపం పీకాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని, తిత్తి ఊదమని బావమరిదికి చెప్పి పాకలోకి నడిచాడు. నేల మీద నెత్తురు చుక్కలు అతని వెంటే వెళ్లాయి.

మధ్యాహ్నానికి దుంగ రెండు చెక్కలై అటొకటి ఇటొకటి పడింది. ఇక తన వంతని బావమరిది ముందుకొచ్చాడు. మేస్త్రి అతన్ని మోచేత్తో వెనక్కి నెట్టి, ఇంకో దుంగ ఎక్కించమన్నాడు.