నీలం గోడ

తడిసిన గోడ వాసన.

ఎర్రమట్టిలో పేడ కలిపి, పేడలో నీళ్లు కలిపి, సోమక్క అరచేత్తో గోడకు పామేటప్పుడు లేచే వాసన. మొదటి చినుకు పడిన చేను పక్కన నిలబడినట్టుంటుంది.

చేను లేదు. ఎప్పుడో పోయింది. కొత్త వడ్ల పండగ ముందు గోడలు అలకడం మాత్రం సోమక్క మానలేదు.

ఆమె మొగుడు కాశయ్య మంచం మీద పడుకుని ఆ వాసనలో కళ్లు మూసుకుంటాడు. కళ్లు మూసుకుంటే ఇల్లు ఊపిరి తీస్తుంది. లోపలికి... బయటికి... నిండుగా తిని పడుకున్న ఆవులా.

ఆ ఇంటికి మూడు వైపులా మట్టి గోడలు. ముందువైపు మాత్రం సిమెంటు గోడ, నీలం రంగు.

నీలం గోడ కాశయ్యది. ఎవరిదో టిప్పరు తోలి, కొండ మీది ఇనుపరాయిని రైలు దగ్గర పోసి, ఒక్కొక్క ఎండాకాలాన్నీ కరిగించి కట్టుకున్నాడు.

మట్టి గోడలు సోమక్కవి. ఆమె అరచేతులవి.

కొండ కింద బస్తీ. కొండ నించి దుమ్ము.

అన్నం మీద దుమ్ము. ఆరేసిన చీర మీద దుమ్ము. నిద్రపోయే పసిపిల్ల కనురెప్ప మీద దుమ్ము. వాగు కూడా ఎర్రగానే పారుతుంది — పైన ఎవరో ఎప్పుడూ చేతులు కడుక్కుంటున్నట్టు.

కొండ రోజూ కొంచెం కొంచెంగా రైలెక్కి పోతుంది. సముద్రం దాకా పోతుందట. కాశయ్య సముద్రం చూడలేదు. కొండ చూసి ఉంటుంది.

ఐదో తరగతి దగ్గర ఆగిపోయినవాడికి ఆ కొండే బడి. అది నేర్పింది ఒక్కటే. కడుపులో ఏముందో ఎదుటివాడికి తెలిసిందా, ఇక నిన్ను నిద్రపోనివ్వరు.

నేర్చుకున్నాడు. మరిచిపోయాడు.

ఎందుకంటే బండి ఆగిపోయింది.

ఇంకొకరి టిప్పర్లు తోలి తోలి, చివరికి పాతదొకటి సొంతానికి కొన్నాడు. ఈ వానల్లో ఘాటు రోడ్డు ఎక్కుతూ అది గట్టిగా దగ్గింది. తెల్లటి పొగ కక్కింది. ఆగింది. ఇప్పుడు రిపేరు షెడ్డు బయట నిలబడి ఉంది. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. డ్రైవరు సీట్లో ఒక పిట్ట గూడు కట్టింది.

ఇంజను మార్చాలన్నాడు మిస్త్రీ. పండగలోపు బండి లైన్లోకి రాకపోతే దాని చోటు ఇంకొకరికి ఇస్తానన్నాడు రాయి తోలించే ఠేకేదారు. చోటు పోతే బండి ఇనుము. బండి ఇనుమైతే కాశయ్య మళ్లీ ఇంకొకడి బండికి డ్రైవరు. ఈ వయసులో, ఈ నడుముతో.

అప్పుడు వచ్చాడు భూషణం. కోస్తా నించి వచ్చి బజారులో లోన్ల ఆఫీసు పెట్టుకున్నవాడు. ఎప్పుడూ అప్పుడే గడ్డం గీసుకున్నట్టుంటాడు. ఇంత దుమ్ములో అదెలా సాధ్యమో ఎవరికీ తెలియదు.

"ఇల్లు నీది, పట్టా నీది. ఊరికే పడి నిద్రపోతోందన్నా ఇల్లు! దాని మీద లిమిట్ పెట్టించుకో. కావాల్సినప్పుడు తీసుకో. ఉన్నప్పుడు కట్టు. మళ్లీ తీసుకో. వాడుకున్నదానికే వడ్డీ. బావిలో నీళ్లు తోడుకున్నట్టే."

"బావి ఎండితే?"

"నీ నోరు మంచిది కాదన్నా."

ఇద్దరూ నవ్వారు. ఎండితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కట్టలేకపోతే ఇల్లు వాళ్లది.

ఆ మధ్యాహ్నం కునుకులో కాశయ్యకు ఇల్లు కనిపించింది. పునాదుల కింద ఏదో మెరుస్తోంది. వెన్నెల ముద్దల్లా ఉంది. చేయి పెడితే వెచ్చగా ఉంది. ఒక ముద్ద తీశాడు. ఇల్లు కదల్లేదు. ఇంకొకటి తీశాడు. ఇల్లు నిద్రలో అటు తిరిగి పడుకుంది...

లేచి చూస్తే అరచేతులు ఎర్రగా ఉన్నాయి. దుమ్మే.

కొండ దగ్గరికి కూడా మొదట ఇలాగే వచ్చి ఉంటారు. ఊరికే పడి నిద్రపోతున్నావు, అని.

భూషణానికి సరేనన్నాడు. సోమక్కకు చెప్పలేదు.

సోమక్కది ఎర్రబోరు పక్కన ఒక పల్లె. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఒక ఏడాది కాగితాలు పట్టుకుని మనుషులు వచ్చారు, ఇళ్లు చూసుకుంటూ తిరిగారు, పోయారు. తర్వాత ఇంకెవరో వచ్చారు. ఇల్లు మండింది. ఎవరు కాల్చారని అడిగితే సోమక్క పొయ్యిలో పుల్ల సర్దుతుంది. ఒక్కటి మాత్రం చెబుతుంది. పండగకని వాళ్లమ్మ ఆ గోడలు కొత్తగా అలికిందట. ముగ్గేసిందట. పల్లెలో అందరికంటే ముద్దుగా ఉన్న ఇల్లట. దాన్నే ముందు ముట్టించారట.

అందుకే తల్లి ఆమెకు ఒక్క చదువే చెప్పింది. చేతిలో కాగితం ఉన్నవాడు వస్తే ఏమీ లేదనాలి.

కోళ్లెన్ని? లేవు.

వడ్లున్నాయా? లేవు.

ఇల్లు? ఇదా... ఇదొక ఇల్లా, సారూ.

రెండు రోజుల తర్వాత సాయంత్రం కాశయ్య షెడ్డు నించి ఇంటికొచ్చేసరికి నీలం గోడ లేదు.

గోడ ఉంది. నీలం లేదు. పైనించి కిందికి బురద, విసిరికొట్టినట్టు, చారలు చారలుగా. గుమ్మంలో మేకలు. టీవీ ఉండాల్సిన చోట గడ్డిమోపు. ఆ నడుమ సోమక్క — మోచేతుల దాకా మట్టి, ముఖమంతా వెలుగు. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు.

"తిట్టకు. గోడ మల్ల కడుగుత. ముందు ఇను."

"ఏందే ఇది?"

"పొద్దుగాల ఇద్దరొచ్చిండ్రు. టేపు వట్టుకొని. ఒకడు ఫోటోలు దీస్తడు, ఒకడు రాసుకుంటడు. 'యే మకాన్ కిస్కా హై', ఈ ఇల్లెవలిది అంటడు. నా గుండెల రాయి వడ్డది. సర్వే అనుకున్న. కొండ తవ్వుడు ఇంకా ఇటు జరుపుతరట గదా, ఇండ్లు తీసేస్తరట గదా! వాళ్లు ఎనక సందుల నించి ఒచ్చిండ్రు, ఆ గోడ కొలిచేలోపు పక్కింటి ఇర్మె మేకల్ని లోపలికి దోలిన. టీవీ మీద గడ్డేసిన. అలుకుదామని కలిపిన మట్టుండె గదా... నీ గోడకు కొట్టిన."

"ఏం జెప్పినవ్ వాళ్లకు?"

"కూలిపోయే ఇల్లు సారూ, వానొస్తే మేకలు గూడ ఉండయి, అని."

"నమ్మిండ్రా?"

"మేక ఆయన బూటు మీద ఉచ్చ వోసింది. నమ్మకేం జేస్తరు?"

సోమక్క నవ్వింది. కడుపు పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా. ఒకసారి పోయిన ఇంటిని ఈసారి పోనివ్వని నవ్వు. కాశయ్యకు ఆ నవ్వు మీద చేయి వేయబుద్ధి కాలేదు.

జేబులో ఫోను మోగింది. భూషణం.

"ఏంటన్నా ఇది! ఇల్లు చూడమంటే పశువుల కొట్టం చూపించారంట! మా సారు బూట్లు ఎండలో పెట్టుకుని కూర్చున్నాడు. రేపు పొద్దున్నే మళ్లీ పంపిస్తున్నా, ఇదే ఆఖరు. గోడ కడిగించు. ఇల్లు గట్టిదని వదిన నోటితో ఒక్కమాట చెప్పించు. ఇంటావిడే కూలిపోద్దంటే ఎవడిస్తాడన్నా?"

పొద్దు కొండ తవ్విన చోట దిగబడుతోంది. ఆకాశం, వాగు, గోడ — అన్నీ ఒకే రంగు.

కాశయ్య చెప్పాడు.

బండి గురించి, లిమిట్ గురించి, టేపు పట్టుకొచ్చినవాళ్లు ఎవరో... అంతా. చెబుతున్నంతసేపూ సోమక్క చేతుల మీది మట్టిని గోటితో గీకుతూనే ఉంది. ముఖంలో వెలుగు ఎప్పుడు పోయిందో అతడు చూడలేదు. చూడదలుచుకోలేదు.

"అంటే ఇల్లు వాళ్లకు ఇచ్చినట్టా?"

"ఇచ్చినట్టు గాదు. చూపెట్టినట్టు."

"మా అమ్మ గూడ చూపెట్టిందే గదయ్యా."

మేక అరిచింది. ఇర్మె ఎక్కడినించో పిలిచింది. మేకలు పోయాయి. ఇల్లు పెద్దదైనట్టు అనిపించింది.

"బండి లేకుంటే తినేదేంది? నువ్వే జెప్పు."

సోమక్క లేచింది. బక్కెట్టు తీసుకుని వాగువైపు పోయింది. నీళ్లు గోడ కడగడానికి కావాలి. నీళ్లు మట్టి కలపడానికీ కావాలి. కాశయ్య అడగలేదు.

ఆ రాత్రి ఇల్లు ఊపిరి తీయలేదు. వింటున్నట్టుంది.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. కళ్లు తెరవలేదు.

ముందువైపు చప్పుడు. నీళ్లు జారే చప్పుడు. అరచేయి గోడ మీద కదిలే చప్పుడు — పైకి... కిందికి... పైకి...

కళ్లు తెరిస్తే తెలుస్తుంది. లేచి గుమ్మం దాటితే తెలుస్తుంది. బురద కింద నించి నీలం బయటికొస్తోందా, నీలం మీదికి ఇంకో పూత ఎక్కుతోందా...

నీలమైతే బండి కదులుతుంది. ఇల్లు మేలుకుంటుంది. ఇక ఎప్పటికీ పడుకోదు.

మట్టైతే...

దూరంగా బజారు మలుపులో జీపు గేరు మార్చింది. అరచేయి ఆగింది. ఒక్క క్షణం. మళ్లీ కదిలింది, ఇంకొంచెం వేగంగా.

కడిగినా అదే చప్పుడు. పూసినా అదే చప్పుడు.

కాశయ్య కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. చీకట్లో, ముక్కు నిండా, గుండె నిండా...

తడిసిన గోడ వాసన.