కంప్యూటర్‌కి జడ వేసిన అత్తయ్య

సాయంత్రంలోగా థీసిస్ పంపాలి. పొద్దున్నే తలారా స్నానం చేసి, మహారాణిలా కూర్చుని కంప్యూటర్ స్విచ్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది. తెర మీద మాత్రం ఒకే ఒక్క ముక్క: డిస్కు కనబడటం లేదు.

కనబడకపోవడమేమిటి? అదేమన్నా తాళంచెవా? నా ఇన్నేళ్ళ చదువంతా అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు! ఆపాను, వేశాను, మళ్ళీ ఆపాను. దండం పెట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. చివరికి రిపేర్లు చేసే ఆవిడకి ఫోన్ చేసి లబోదిబోమన్నాను.

"ఏడవకండి మేడమ్. స్విచ్ వేయగానే వచ్చే సెటప్ తెరలో డిస్కు పేరుందా?"

"లేదండీ!"

"అయినా పోయిందని ఇప్పుడే అనుకోకండి. కరెంటు తీసేసి పక్క మూత విప్పండి. తీగేదైనా వదులైందేమో."

మూత విప్పి కెవ్వుమన్నాను. లోపల దుమ్మన్నది లేదు. తీగలన్నీ కలిపి నున్నగా మూడుపాయల జడ, చివర ఎర్ర రిబ్బను!

"అత్తయ్యా!"

మా అత్తయ్య బట్టలు కుడుతుంది. మెడలో టేపుతోనే వచ్చింది. "ఏం, బాలేదా? నిన్న నువ్వు బయటికెళ్ళినప్పుడు వేశా. అన్నీ ఊడదీసి, అల్లి, ఎక్కడివక్కడ పెట్టేశా. జడేశాక ఒక్కటే పొడవు చాలక అందలేదు. మిగిలిందనుకుని లోపలికి మడిచేశా. చొక్కా కుడితే ముక్క మిగలదూ?"

ఫోన్లో రిపేరావిడ పగలబడి నవ్వుతోంది. "ఆ మిగిలిన ముక్కే డిస్కు తీగ మేడమ్! జడ విప్పి, దాన్ని డిస్కుకి గుచ్చండి."

విప్పాను. టక్కుమనేదాకా నొక్కాను. ఊపిరి బిగబట్టి స్విచ్ వేశాను. వచ్చింది! నా థీసిస్ చెక్కుచెదరకుండా వచ్చింది! అత్తయ్య చేతులు పట్టుకుని గదంతా గిరగిరా తిప్పేశాను.

"వదులు, కళ్ళు తిరుగుతున్నాయే!"

"అసలు దానికి జడెందుకత్తయ్యా?"

ఆవిడ కుర్చీలో కూలబడి ఆయాసం తీర్చుకుంది. "నీ పుస్తకం ఇవాళ పెద్దవాళ్ళ ముందుకి వెళ్తోందన్నావుగా. దాన్నలా జుట్టు విరబోసి పంపిస్తామా?"

నా నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నేను రాసుకుంటుంటే ఇల్లంతా నెట్టుకొచ్చింది ఆవిడే. కృతజ్ఞతల పేజీ తెరిచాను. ప్రొఫెసర్లున్నారు, లైబ్రరీ గుమాస్తా ఉన్నాడు, ఆఖరికి మా పిల్లి కూడా ఉంది. అత్తయ్య లేదు.

అందరికంటే పైన ఆవిడ పేరు ఎక్కించి, అప్పుడు పంపాను. ఎర్ర రిబ్బను నా జడకి కట్టించుకున్నాను.