కిప్ తిరగక ముందే

మా అబ్బాయి డోరెల్ చేతి బలం గురించి మా ఊళ్ళో నాకంటే ఊరివాళ్ళే ఎక్కువ మాట్లాడతారు. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉన్న ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నలుగురు మగవాళ్ళు పత్తి మిల్లు దగ్గర చేరి వాణ్ణి పిలుస్తారు. మిల్లు కప్పు మీదుగా బంతి అవతలికి విసరమంటారు. అవతల పడ్డ చప్పుడు వినిపించగానే టోపీలు ఊపుతారు. ఎక్కడ పడిందో చూడటానికి మాత్రం ఎవరూ వెళ్ళరు.

నేను దూడలు కొని అమ్మే మనిషిని. సరుకు ఎంత బలంగా ఉందో చూసి సంతోషపడి ఊరుకుంటే నాకు గిట్టుబాటు కాదు. అది చేరాల్సిన చోటికి చేరాలి. మొన్న వరసగా మూడు ఆటల్లో డోరెల్ బంతులు చేరలేదు. క్వార్టర్‌బ్యాక్ అన్నవాడు విసిరితే పరిగెత్తేవాడి చేతుల్లో పడాలి. మావాడివి, వాటిని పట్టే కుర్రాడు కిప్ ఆన్స్లీ తల మీదుగా పోయాయి, వాడి కాళ్ళ ముందు పడ్డాయి, ఒకటి వెళ్ళి బ్యాండువాళ్ళ పెద్ద డప్పుకి తగిలింది.

సోమవారం కాఫీ హోటల్లో లీలండ్ ఓల్డమ్ అదే ఎత్తుకున్నాడు. జిల్లాలో సగం పచ్చిక ఆయనదే.

"ఏం వర్నా, మీవాడు ఆ డప్పుకే గురి పెట్టాడా ఏంటి?"

"డప్పు కదలకుండా కూచుంది కాబట్టి దొరికింది లీలండ్. నీ నోరైతే తప్పించుకునేది, ఒక్క క్షణం ఆగదు కదా."

హోటలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "చెయ్యి బంగారం తల్లీ. కళ్ళే తేడా. కళ్ళజోడు పెట్టించు."

కాఫీ సగంలో వదిలేసి లేచాను. ఆ వారమంతా ఏదీ పూర్తిగా తాగింది లేదు, ఎక్కడా పూర్తిగా కూచుంది లేదు. స్కూలు మైదానం కంచె పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగాను. కోచ్ గాటిస్ చూసి నా దగ్గరికి వచ్చాడు.

"వర్నా గారూ, మీకు ముందే చెప్పాలి. ఈ శుక్రవారం ఆట లేదు కానీ, వచ్చే వారం ఆటకి కాలేజీ జట్టుకి కుర్రాళ్ళని ఎంచే ఆయన వస్తున్నాడు. ఏడు గంటలు కారు నడుపుకుని మన డోరెల్ కోసమే. కానీ వీడు ఇలాగే విసిరితే నేను వీడి బదులు యూసేబియోని దించుతాను. జట్టు ఓడిపోతుంటే చూస్తూ కూచోలేను."

"వీణ్ణి కూచోబెడితే ఆయన చూసేదేముంది?"

"అదే కదా నా బాధ కూడా."

యూసేబియో లుహాన్ సన్నటి పిల్లవాడు. వాడి బంతి డోరెల్ బంతి వెళ్ళే దూరంలో సగం కూడా పోదు. పోయినంతలో మాత్రం గురి తప్పదు. అదెలా అని అడిగాను.

"వాడి చేతిలో బలం తక్కువ. కాళ్ళు సర్దుకోకపోతే బంతి వెళ్ళదు, ఆలస్యం చేస్తే అందదు. అందుకని చిన్నప్పుడే అవన్నీ పట్టుకున్నాడు. మీవాడు ఏ తప్పు చేసినా చెయ్యి కాపాడేసింది."

"మరి ఇన్నాళ్ళూ వాడికి చెప్పలేదేం?"

"చెప్పాను. గెలుస్తున్నాం కదా, వాడు వినలేదు." టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నేనూ గట్టిగా చెప్పలేదులెండి."

శనివారం పశువుల వేలానికి డోరెల్‌ని వెంటబెట్టుకెళ్ళాను. ఇంట్లో గోడకేసి బంతి కొడుతూ ఉంటే భరించలేకపోయాను, అంతకంటే పెద్ద ఆలోచనేమీ లేదు. నా పక్కన కూచుని మోకాలు ఊపుతూనే ఉన్నాడు. దూడల గుంపు గేటులోంచి వేలం బరిలోకి ఇంకా సగమే వచ్చింది, నేను తల ఊపేశాను. బేరం నాకు ఖాయమైంది.

"అమ్మా, అవి పూర్తిగా లోపలికి రాలేదు. చూడకుండానే కొనేశావేంటి?"

"చూశాన్రా. గేటు దాటేటప్పుడు మొదటి అడుగులు చూశాను. లోపలికొచ్చి గుండ్రంగా తిరిగాక వాటిని అందరూ చూస్తారు. అందరూ చూశాక ఇక నాకు మిగిలేదేముంది?"

"మరి ఓల్డమ్ గారు అంతసేపు చూస్తున్నారే?"

ఎదురు వరసలో లీలండ్ ఒక గుంపు రెండుసార్లు తిరిగేదాకా చూసి, చుట్టూ మనుషుల్ని చూసి, అప్పుడు చెయ్యెత్తాడు. అప్పటికే ధర ఆకాశంలో ఉంది.

"ఆయనకి డబ్బుంది. ఆలస్యమైనా పైన ఇంకాస్త పారేసి తెచ్చుకుంటాడు. నేనలా చేస్తే నెల తిరిగేసరికి కొట్టు మూసుకోవాలి."

మోకాలు ఊపడం ఆగింది. చాలాసేపు లీలండ్ చేతి వంకే చూశాడు. "నేనూ అంతే చేస్తున్నా కదమ్మా. కిప్ బంతి కోసం నా వైపు తిరిగి, వాడి చుట్టూ ఎవరూ లేరని తెలిసి, అప్పుడు విసురుతున్నా. అప్పటికి అవతలి జట్టువాళ్ళు నా మీద పడిపోతున్నారు. అందుకని ఇంకా గట్టిగా విసురుతున్నా."

తర్వాతి గుంపు వచ్చే గేటు వైపు తల తిప్పాను. ఆ మాట నేను చెప్పి ఉంటే వాడు ఒప్పుకునేవాడు కాదు.

సోమవారం నుంచి మైదానంలో గొడవే. డోరెల్ ఇప్పుడు కిప్ తిరగక ముందే మెల్లగా, ఎత్తుగా వదిలాడు. బంతి వెళ్ళి కిప్ వీపుకి తగిలింది.

"ఒరేయ్! నా వీపుకి కళ్ళున్నాయనుకున్నావా?"

"నువ్వు గీత దగ్గర తిరగాలి కదరా!"

"నువ్వెప్పుడు గీత దగ్గర వేశావు? నాకు తోచినప్పుడు తిరుగుతా, నువ్వు ఆగుతావు. రెండేళ్ళుగా అదే కదా మన పద్ధతి!"

ఆలస్యం కిప్‌కి కూడా అంటుకుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికి నాలుగు రోజులే ఉన్నాయి. బుధవారం బంతులన్నీ నేల మీదే పడ్డాయి. గురువారం కొన్ని అందాయి. ఆ సాయంత్రం ఆట మొదలుపెట్టేవాళ్ళలో కోచ్ యూసేబియో పేరే చదివాడు. ఇంటికొచ్చే దార్లో డోరెల్ ట్రక్కు రేడియో వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు.

శుక్రవారం నేను మెట్ల మీద కూచోలేక కంచె దగ్గరే నిలబడ్డాను. కాలేజీ ఆయన బూడిదరంగు కోటు వేసుకుని పై వరసలో ఒక్కడే కూచున్నాడు. ఆట చూడకుండా ఆయన్నే చూస్తున్నాను. యూసేబియో తప్పులేమీ చేయలేదు, కానీ గాలి లేచాక వాడి బంతులు గాల్లోనే ఆగిపోయాయి. చివరి భాగం మొదలయ్యేసరికి మేం వెనకబడ్డాం. కోచ్ డోరెల్ భుజం తట్టి లోపలికి పంపాడు. జనం లేచి నిలబడి "దూరం! దూరం!" అని అరిచారు.

మావాడు దగ్గరికి వేశాడు, మెల్లగా. మళ్ళీ దగ్గరికే. ఒకటి ఎవరికీ అందకుండా పడింది.

"చెయ్యి చచ్చిపోయిందా వీడిది?" లీలండ్ గొంతు. పై వరసలో కోటాయన చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన ఆ బలం కోసమే వచ్చాడు, మావాడు దాన్ని జేబులో దాచుకుని తిరుగుతున్నాడు.

ఆఖరి బంతికి మా జట్టువాడొకడు దూరంగా ఒంటరిగా పరిగెడుతున్నాడు. ఊరంతా చేతులు చాచి వాణ్ణే చూపించింది. డోరెల్ అటు చూడనే లేదు. కాళ్ళు సర్దుకున్నాడు, గోల్ గీత అవతల, మైదానం మూల ఖాళీ గడ్డి మీదికి బంతి వదిలాడు. అక్కడ ఎవరూ లేరు. కిప్ ఇంకా మావాడికి వీపు పెట్టే పరిగెడుతున్నాడు. జనం తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడు కిప్ తిరిగాడు. బంతి వాడి రొమ్ముకి వచ్చి ఆగింది. గెలిచామని వాడికి అర్థం కావడానికే కాస్త సమయం పట్టింది.

కోటాయన కంచె దగ్గరికి వచ్చాడు. నన్ను పలకరించి డోరెల్‌ని అడిగాడు.

"ఆఖరిది ఎవరికి వేశావు బాబూ? అక్కడ ఎవరూ లేరు."

"వస్తాడు సార్."

"రాకపోతే?"

"ఆట పోయేది సార్."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నేను చూద్దామని వచ్చిన డోరెల్ వేరు. దూరం విసిరేవాడు. అలాంటివాళ్ళు నా దగ్గర ముగ్గురున్నారు, ఒక్కడికీ అందించడం రాదు." నా వైపు తిరిగాడు. "ఒక్క బంతి చూసి మాట ఇవ్వను మేడమ్. వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తాను. ఇతన్ని మొదటినుంచీ ఆడించమని మీ కోచ్‌కి చెప్పాను."

కొనేవాడి జాగ్రత్త, తప్పు పట్టలేను. మర్యాదగా చెయ్యి కలిపాను. లోపల మాత్రం ఇప్పుడే చెప్పెయ్యొచ్చుగా అని గింజుకున్నాను.

ట్రక్కు దాకా డోరెల్ నాకంటే ముందు నడిచాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అమ్మా, కిప్‌ని రేపు పొద్దున్నే రమ్మంటా. ఎడమవైపు వాడింకా ఆలస్యంగానే తిరుగుతున్నాడు."

"రేపు శనివారం, పడుకోనియ్యరా వాణ్ణి."

"ఆరింటికి అంటే మరీ తొందరంటావా?" అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.